కొడుకుకో గది... మరి కూతురికి?

ఊరెళ్ళి హోటల్లో దిగడమంటే మనలాంటి ఇల్లాళ్ళకు ఒకటే సుఖం. పొద్దున్నే పాలు పొంగిపోతున్నాయేమోనని ఉలిక్కిపడి లేవక్కర్లేదు. కాఫీ ఎవరో తెచ్చి చేతికిస్తారు. అంతకుమించి ఆ గది గురించి ఆలోచించం. ఆలోచించడానికి అందులో ఉండేదీ తక్కువే. విజయవాడలో దిగినా బెంగుళూరులో దిగినా అదే తెల్ల దుప్పటి, అదే టీవీ, కిటికీ తీస్తే పక్క హోటలు గోడ!

పాతికేళ్ళుగా మన దక్షిణాదిన ఇంకో రకం బసలు పెరిగాయి. పాత భవంతుల్ని, వర్తకుల ఇళ్ళని కూల్చకుండా బాగుచేసి, పదో పదిహేనో గదులతో నడిపే చిన్న హోటళ్ళు. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ కాలం నాటి ఇళ్ళు, కొచ్చి కోట ప్రాంతంలో డచ్చివాళ్ళ కాలం నాటివి ఇలా మారాయి. తమిళనాడులోని చెట్టినాడులో అలాంటి ఒక ఇంట్లో మా అమ్మతో కలిసి రెండు రాత్రులు ఉండి వచ్చాను. హోటలు పేరు రాస్తే ప్రకటనలా ఉంటుంది, వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది ఆ ఇంటి గురించీ, అది చూశాక మా అమ్మ అడిగిన ఒక ప్రశ్న గురించీ.

బర్మా డబ్బుతో లేచిన ఇళ్ళు

శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో పరుచుకుని ఉన్న ప్రాంతం చెట్టినాడు. కారైకుడి అక్కడ పెద్ద ఊరు. నగరత్తార్లు, అంటే నాట్టుకోట్టై చెట్టియార్ల సొంత గడ్డ అది. ఒకప్పుడు వాళ్ళవి 96 ఊళ్ళట. ఇప్పుడు డెబ్భై పైచిలుకు మిగిలాయి. బర్మా, సిలోను, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి గడించిన డబ్బంతా తెచ్చి సొంతూళ్ళలో ఇళ్ళు కట్టారు. పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి 1940ల దాకా ఈ కట్టడాలు సాగాయి.

వాటిని ఇళ్ళనడం కంటే దివాణాలనడం నయం. ఈ వీధిలో సింహద్వారం ఉంటే, పెరటి గుమ్మం వెనక వీధిలో తేలుతుంది! ముందు అరుగులు, ఆ తర్వాత మగవాళ్ళు లెక్కలు చూసుకునే సావడి, దాని వెనక ఆకాశం కనిపించే మండువా, ఇంకో మండువా, చివర వంటిళ్ళు. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉంటాయి. సింహద్వారం దగ్గర నిలబడితే చూపు సూటిగా పెరటి దాకా పోతుంది. 

ఆ టేకంతా బర్మాది. ఆ మాట వినగానే మా అమ్మ, "మా నాన్నింటి దూలాలూ రంగం టేకువే కదే!" అంది. బర్మాలోని రంగూనును మన కోస్తావాళ్ళు రంగం అనేవాళ్ళు. కోరంగి రేవు నుంచి ఓడెక్కి కూలికీ నాలికీ మనవాళ్ళు వేలమంది వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరే పడింది. చెట్టియార్లు వడ్డీ లెక్కలు రాసిన రేవులోనే మనవాళ్ళు బస్తాలు మోశారన్నమాట. 

ఆ సిరి ఎక్కువ కాలం నిలవలేదు. 1930ల ఆర్థిక మాంద్యం ఒక దెబ్బ. 1942లో జపాను సైన్యం బర్మాను పట్టుకోవడం ఇంకో దెబ్బ. ఇళ్ళు మాత్రం మిగిలాయి. వాటితోపాటు ఒక్కో ఇంటికి పదీ ఇరవై మంది వాటాదారులు మిగిలారు. ఒకరు చెన్నైలో, ఒకరు సింగపూర్లో, ఒకరు అమెరికాలో. పెంకు మార్చాలన్నా అందరూ ఒప్పుకోవాలి. ఎవరూ పట్టించుకోని ఇంట్లో మొదట కప్పు కారుతుంది. తర్వాత టేకు స్తంభాలు, తలుపులు ఊడదీసి అమ్మేస్తారు. కారైకుడిలో పాత సామాన్ల కొట్లే ఒక బజారు నిండా ఉన్నాయి. ఎవరి సారెలో వచ్చిన ఇత్తడి బిందెలో, ఎవరు పిల్లల్ని ఊపిన ఉయ్యాల గొలుసులో, అన్నీ ధర చీటీలు కట్టించుకుని కూర్చున్నాయి. ఈ చెట్టినాడు ఊళ్ళు 2014 నుంచి యునెస్కో వారసత్వ స్థలాల ముందస్తు జాబితాలో ఉన్నాయి. జాబితాలో పేరుంటే కప్పు కారడం ఆగదు కదా!

ఇల్లు హోటలయితే...

అలా పోకుండా ఆగిన కొన్ని ఇళ్ళలో మేం దిగినదీ ఒకటి. రామేశ్వరం చూపిస్తానని అమ్మకు ఎప్పటి నుంచో మాటిచ్చాను. తిరుగు ప్రయాణంలో కారైకుడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని కానాడుకాత్తాన్ ఊళ్ళో ఆగాం.

లోపల అడుగుపెట్టగానే చల్లగా తగిలింది. బయట ఎండ మండిపోతోంది. గోడలు ముట్టుకుంటే పాలరాయిలా నున్నగా ఉన్నాయి. సున్నాన్ని మెత్తగా నూరి, గుడ్డు తెల్లసొన కలిపి, పూత మీద పూత వేసి రుద్దారట. బాగుచేసేటప్పుడు ఆ గోడల మీద సిమెంటు పడనివ్వలేదని మేనేజరుగారు చెప్పారు. సున్నపు గోడ తేమను పీల్చి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ పెచ్చులూడుతుంది. పాత ఇళ్ళున్నవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు.

నేల మీద ఆత్తంగుడి పలకలు. ఆత్తంగుడి అక్కడికి దగ్గర ఊరే. మర్నాడు వెళ్ళి తయారీ చూశాం. అద్దం మీద ఇనుప అచ్చు పెట్టి, గళ్ళలో రంగు సిమెంటు పోస్తారు. అచ్చు తీసేసి, పైన పొడి ఇసుకా సిమెంటూ చల్లి, తడి సిమెంటుతో నింపుతారు. ఆరాక నీళ్ళలో నానబెడతారు. అద్దం ఊడదీస్తే పలక తళతళలాడుతుంది. బట్టీ లేదు, కాల్చడం లేదు. ఆ మెరుపంతా అద్దం ఇచ్చిందే. వాడేకొద్దీ, తడిగుడ్డ పెట్టి తుడిచేకొద్దీ ఇంకా నునుపు తేలుతుందట. "అయితే వీటి అందమంతా ఆడవాళ్ళ చేతి చలవే" అంది అమ్మ.

భోజనం అరటాకులో. చెట్టినాడు అనగానే మిరియాల కోడికూర అనుకుంటాం గానీ, మాకు నచ్చింది వెల్లై పణియారం, మన పొంగడాలకు చెల్లెలు లాంటిది. కవునరిసి అనే నల్లబియ్యంతో చేసిన తీపి కూడా పెట్టారు. ఆ బియ్యం బర్మా నుంచి వచ్చిన అలవాటేనట. మసాలాలో మరాఠీ మొగ్గ, రాతిపువ్వు వాసన తెలుస్తూ ఉంది.

అమ్మ అడిగిన ప్రశ్న

సాయంత్రం మేనేజరుగారు ఇల్లంతా తిప్పి చూపించారు. మండువా చుట్టూ వరసగా గదులు. "ఇంట్లో ఎంతమంది కొడుకులుంటే అన్ని గదులు. పెళ్ళయిన ప్రతి కొడుక్కీ ఒకటి కేటాయించేవారు" అని చెప్పారాయన. నగరత్తార్లలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళయిన కొడుకు అదే ఇంట్లో ఉంటాడు గానీ కొన్నాళ్ళకు పొయ్యి వేరు పెడతారు. ఏడాదికి ఇన్ని బస్తాల బియ్యం, ఇంత సరుకు అని లెక్కగా ఇచ్చేస్తారు. ఒకే కప్పు కింద నాలుగైదు వంటలు! అత్తాకోడళ్ళకు, తోడికోడళ్ళకు అదెంత నెమ్మదో మనకు వేరే చెప్పాలా?

అంతా విని అమ్మ అడిగింది, "మరి కూతుళ్ళ గది ఏదీ?"

నేను ఇంగ్లీషులో చెబితే ఆయన నవ్వేశారు. "ఆడపిల్లలు ఇంకో ఇంటికి వెళ్ళిపోతారు కదమ్మా. వాళ్ళ గది అక్కడ ఉంటుంది."

అమ్మ మాట్లాడలేదు. ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు. మా తాతగారి ఇల్లు కోనసీమలో మండువా లోగిలి. ఆయన 2011లో వీలునామా రాయకుండానే పోయారు. ఆ ఇల్లు కూల్చి స్థలం అమ్మాలని మావయ్యలిద్దరూ అనుకున్నారు. మేం రామేశ్వరం బయల్దేరడానికి నెల ముందు హక్కు విడుదల దస్తావేజు నకలు అమ్మకూ, ఇద్దరు పిన్నులకూ వచ్చింది. "పసుపు కుంకుమల కింద అప్పుడే ఇచ్చాం కదా, సంతకం పెట్టేయండి" అని కబురు. మావయ్యలు చెడ్డవాళ్ళు కారు. అమ్మకు జ్వరం వస్తే రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చే మనుషులు. అందుకే ఆ కాగితం అమ్మకు అంత బరువైంది.

ఆ రాత్రి అమ్మ మండువాలో స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూర్చుంది. "మగాళ్ళు మూడేసి ఏళ్ళు బర్మాలో ఉండిపోయేవారన్నాడు కదా. అప్పుడీ ఇల్లు కాసిందెవరే? ఈ నేల తుడిచిందెవరు? గోడల మీద మాత్రం అందరూ మీసాలవాళ్ళే ఉన్నారు" అంది. నిజమే. ఏజెంట్లుగా వెళ్ళినవాళ్ళు మూడేళ్ళకోసారి తిరిగొచ్చేవారు. భార్యలు ఇక్కడే. ఇంటిని, పొలాన్ని, ముసలివాళ్ళని చూసుకుంటూ, తీరిక దొరికితే తాటాకుతో కొట్టాన్ బుట్టలు అల్లేవారు. మరుగున పడుతున్న ఆ అల్లికను ఎం.ఆర్‌ఎం.ఆర్‌ఎం. కల్చరల్ ఫౌండేషన్ మళ్ళీ పల్లె ఆడవాళ్ళకు నేర్పించి, వాళ్ళకు చేతి సంపాదనగా మార్చింది. నేనూ రెండు బుట్టలు కొన్నాను.

కూతురి కోసం కట్టిన ఇల్లు

మర్నాడు అదే ఊళ్ళో 'విశాలం' అనే ఇల్లు చూశాం. అదీ ఇప్పుడు చిన్న హోటలే. కె.వి.ఎ.ఎల్. రామనాథన్ చెట్టియార్ తన పెద్ద కూతురు విశాలాక్షి కోసం కట్టించిన ఇల్లది. ఆమె పేరే దానికి పేరు. కొడుకుల లెక్కన గదులు కట్టే ఊళ్ళో ఒక తండ్రి కూతురికి ఇల్లే కట్టించాడు! అమ్మ ఆ గుమ్మం ముందు నిలబడి ఫోటో తీయమంది. మామూలుగా ఫోటో అంటే పైట సర్దుకుని పక్కకు తప్పుకునే మనిషి.

అక్కడే, ఆ అరుగు మీద కూర్చుని, నేను తెలుసుకున్న చట్టం సంగతి అమ్మకు చెప్పాను. మీకూ చెబుతాను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిలో ఆడపిల్లకు వాటా ఉన్నా, మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆమె పంపకం అడగకూడదు. పెళ్ళి కానివాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, భర్తకు దూరమైనవాళ్ళు, వితంతువులు మాత్రం ఆ ఇంట్లో ఉండొచ్చు. అంటే కాపురం బాగున్న కూతురికి పుట్టింట్లో చోటు అడిగే హక్కు లేదన్నమాట! 2005 సవరణలో ఆ సెక్షన్ తీసేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 9 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు 1985 నుంచే ఉండేది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం కూడా లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్తి ఎలా వచ్చింది, ముందే రిజిస్టరు పంపకం జరిగిందా అన్నదాన్ని బట్టి ఒక్కో ఇంటి కథ ఒక్కోలా ఉంటుంది కాబట్టి, సంతకానికి ముందు లాయరుకు కాగితాలు చూపించడం మంచిది.

అమ్మ అంతా విని, "నాకు డబ్బు కావాలని కాదే. అడక్కుండానే లేదనుకుంటున్నారు, అదీ బాధ" అంది. ఆ సాయంత్రమే పెద్ద మావయ్యకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, సంతకం పెట్టననడం లేదు. అయిదుగురం ఆ ఇంట్లోనే ఓసారి కూర్చుందాం. ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుందాం. ఆ తర్వాత వదులుకుంటానో, ఉంచుకుంటానో నేను చెబుతాను. అప్పటిదాకా పెంకు కదపొద్దు." అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మావయ్య, "సరే అక్కా, సంక్రాంతికి రా" అన్నాడట.

సంక్రాంతి ఇంకా రాలేదు. ఇల్లు నిలుస్తుందో లేదో చెప్పలేను. కోనసీమ మండువా లోగిళ్ళన్నీ హోటళ్ళు కాలేవు, కానక్కర్లేదు కూడా. ఖర్చు మామూలుది కాదు. మాకే రెండు రాత్రుల అద్దె నెల సరుకుల బిల్లు దాటింది!

మీరూ వెళ్ళాలనుకుంటే...

తిరుచ్చి నుంచీ మదురై నుంచీ కారైకుడి దాదాపు తొంభై కిలోమీటర్లు. చెన్నై ఎగ్మూరు నుంచి రైలుంది. ఎండలకు ముందు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. గదులు తక్కువ కాబట్టి ముందే చెప్పి ఉంచుకోవాలి. మెట్లు, ఎత్తు గడపలు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళితే కింది గది అడగండి. కారైకుడి కండాంగి చీరకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముతక నూలు, వెడల్పు గళ్ళు, రోజువారీ కట్టుకి హాయిగా ఉంటుంది.

ఇక మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో పాత ఇల్లు ఇంకా నిలిచి ఉంటే, కూల్చే మాట రాకముందే ఒక పని చేయండి. ఇంట్లో పెద్దావిడను చేయిపట్టుకుని గది గదికీ తిప్పండి. ఎవరు ఎక్కడ పడుకునేవారు, పురుడు ఏ గదిలో పోసుకున్నారు, ఊరగాయ జాడీలు ఎక్కడుండేవి, అన్నీ అడిగి రాసుకోండి. మా అమ్మ తిరుగు రైల్లో నా డైరీలో వాళ్ళింటి పటం గీసింది. నట్టింటికి ఎడమ పక్క చిన్న గది గీసి, దాని మీద ముగ్గురు అక్కచెల్లెళ్ళ పేర్లూ తనే రాసింది.