నెమలికంఠం రంగు చీర, 24 మిల్లీమీటర్ల ఫొటో

అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. తీసి చూస్తే నిండా చిన్న చిన్న అట్ట ఫ్రేములు. ఒకదాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చూశా. 1964, నాగార్జునసాగర్. సగం లేచిన డ్యామ్, తలమీద రాళ్లతో కూలీల వరస, ముందు కొత్త పెళ్లికూతురు అమ్మమ్మ! అప్పట్లో తాతయ్య అక్కడ ఓవర్‌సీర్.

స్లైడ్‌ని ఎప్పుడూ చూడనివాళ్లకి ఒక్క మాట. నెగటివ్‌లో రంగులు తిరగబడి ఉంటాయి, స్లైడ్‌లో మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ప్రొజెక్టర్‌లో పెట్టి గోడమీద వేసుకుని చూసేవాళ్లు. ఫొటో సైజు 24×36 మిల్లీమీటర్లు, అంతే.

అమ్మమ్మకిప్పుడు 82. మొన్ననే శుక్లాల ఆపరేషన్ అయింది. "అది నెమలికంఠం రంగు చీర రా, ఒక్కసారి పెద్దదిగా చూపించు" అంది. 12×18 అంగుళాల ప్రింట్ తీయించి ఇస్తానని మాటిచ్చేశా.

తెల్లటి ఫోన్ స్క్రీన్ మీద స్లైడ్ పెట్టి ఇంకో ఫోన్‌తో తీస్తే, అమ్మమ్మ మొహం నిండా స్క్రీన్ చుక్కలే. ఊళ్లో ఒక స్టూడియోకి ఇస్తే చీర నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చింది. పైగా పైట కుడి భుజం మీద ఉంది! స్లైడ్‌ని తిరగేసి పెట్టారన్నమాట. అసలు చిక్కేమిటంటే, స్లైడ్‌లో వెలుగుకీ చీకటికీ మధ్య ఉండే తేడా కాగితం చూపించగలిగేదానికంటే చాలా ఎక్కువ. ఆ రెండు కొసల్నీ ముందు ఫైల్‌లోకి సరిగ్గా తెచ్చుకోకపోతే ఎంత ఖరీదైన కాగితం కొన్నా దండగే.

ఒకప్పుడు స్లైడ్ నుంచి నేరుగా ప్రింట్ తీసే సిబాక్రోమ్ కాగితం ఉండేది. రంగులు ముందే కాగితంలో ఉండేవి, అక్కర్లేనివి కెమికల్‌తో పోయేవి. దాని తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది. కాబట్టి ఇప్పుడు దారి ఒక్కటే: ముందు డిజిటల్ చెయ్యాలి, తర్వాత ప్రింట్.

ఇక్కడ లెక్క వెయ్యండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున 12×18కి 3600×5400 పిక్సెళ్లు కావాలి. ఇంత చిన్న స్లైడ్ నుంచి అన్ని రావాలంటే సుమారు 3800 డీపీఐ స్కాన్. మూతలో లైటుండే ఫ్లాట్‌బెడ్ స్కానర్ 8×12 వరకూ ఫర్వాలేదు. చాలావాటి పెట్టె మీద 6400 అని రాసున్నా నిజంగా వచ్చే వివరం అందులో సగం కూడా ఉండదు. ఫిల్మ్ స్కానర్ మంచిదే. కానీ నా స్లైడ్ కోడాక్రోమ్. స్కానర్లలో దుమ్ముని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి దీనిమీద సరిగ్గా పనిచెయ్యదు. అందుకే ఫ్రెండ్ దగ్గరున్న 24 మెగాపిక్సెల్ కెమెరా, 1:1 మాక్రో లెన్స్ తెచ్చుకున్నా. 6000×4000, చక్కగా సరిపోయింది.

గదిలో లైట్లన్నీ ఆర్పేశాం. కింద ఎల్‌ఈడీ ప్యానెల్, దానికి రెండు మూడంగుళాల పైన స్లైడ్. దగ్గరగా పెడితే ప్యానెల్ మీది దుమ్ము కూడా ఫొటోలో పడుతుంది. లైటు సీఆర్‌ఐ 95 పైన ఉండాలి, లేకపోతే ఎరుపులు చచ్చిపోతాయి. ఫోకస్ మొహం మీద కాదు, ఫిల్మ్ గ్రెయిన్ మీద చేశాం. అపర్చర్ ఎఫ్8, రెండు సెకన్ల టైమర్, రా ఫైల్. స్లైడ్ మీది దుమ్ము బ్లోయర్‌తోనే ఊదాలి, తడిగుడ్డ పెట్టారో అయిపోయినట్టే. మిగిలిన మచ్చలు కంప్యూటర్‌లో చెరపడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

వచ్చిన రంగు చూసి నేనే నమ్మలేదు. కోడాక్రోమ్ చీకట్లో ఉంటే దశాబ్దాలు నిలబడుతుంది, ప్రొజెక్టర్ వెలుగు తగిలితే మాత్రం త్వరగా వెలిసిపోతుంది. తాతయ్యకి సొంత ప్రొజెక్టర్ లేదు. ఇన్నేళ్లూ ఎవరూ చూడకపోవడమే దాన్ని కాపాడింది!

పెద్ద ప్రింట్‌కి ముందు రెండు చిన్న ప్రింట్లు తీయించా. ల్యాబ్‌లో ఫొటో పేపర్ మీద ఒకటి, పిగ్మెంట్ ఇంక్‌తో మ్యాట్ కాగితం మీద ఒకటి. ఆటో కరెక్షన్ ఆపమని ల్యాబ్‌లో ముందే చెప్పండి. నేను మర్చిపోయా, సాయంత్రపు ఎండ కాస్తా మధ్యాహ్నం అయిపోయింది. మళ్లీ తీయించాల్సొచ్చింది. ట్యూబ్‌లైట్ కింద కాదు, పొద్దున్నే వరండాలో రెండూ అమ్మమ్మ ముందు పెట్టా. మ్యాట్ చూసి "ఇది ఉతికిన చీర" అంది. ఫొటో పేపర్ మీద వేలు పెట్టి "ఇదీ" అంది. నాకు మ్యాట్ నచ్చింది కానీ చీర నాది కాదుగా!

పెద్ద ప్రింట్ వచ్చిన రోజు తనని తాను చూసుకుంది ఒక్క నిమిషమే. తర్వాత వెనక రాయి మోస్తున్న ఒకమ్మాయి దగ్గర కళ్లు ఆగిపోయాయి. "ఈ పిల్ల పాలమూరుది. మా క్వార్టర్స్ పక్క గుడిసెల్లో ఉండేది. ఈ మొహం ఒక్కటీ పెద్దది చేసిస్తావా?" అంది.

ఆ మొహం ప్రింట్‌లో సెంటీమీటర్ ఉంటుంది. అంటే 118 పిక్సెళ్లు. గ్రెయిన్ తప్ప ఏమీ కనపడదని చెప్పా.

"ముక్కుపుడక తెలిస్తే చాల్లే" అంది.