వెండి కట్టించిన ఊరు కుట్నా హోరా

చెక్ రిపబ్లిక్‌లో ప్రాగ్ నగరానికి తూర్పున ఉన్న కుట్నా హోరాకు ఏ రాజూ ముందుగా నమూనా గీయించి పునాది వేయలేదు. పదమూడవ శతాబ్దం చివర ఇక్కడి కొండల్లో వెండి ఖనిజం పెద్దఎత్తున బయటపడటంతో నలుమూలల నుంచి తరలివచ్చిన గని కార్మికులు బావులు తవ్విన చోటనే గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల నడుమ పడిన దారులే క్రమంగా వీధులుగా మారినందువల్ల, పాత పట్టణంలో నేటికీ తిన్నగా సాగే వీధి అరుదు.

ఈ సంపద విలువను వెంటనే గుర్తించిన, ఈ ప్రాంతాన్ని ఏలిన బొహీమియా రాజు రెండవ వెన్సెస్లాస్ 1300లో రెండు పనులు చేశాడు. గనుల యాజమాన్యం, రాజు వాటా, కార్మికుల పని వేళలు మొదలైనవాటిని నిర్ణయించే సమగ్ర శాసనాన్ని ఇటలీ న్యాయకోవిదుడు గోజియస్ చేత లాటిన్‌లో రాయించడం మొదటిది. రాజ్యంలో చెల్లాచెదురుగా ఉన్న టంకశాలలను కుట్నా హోరాలో ఒక్కచోటికి చేర్చి, ఫ్లోరెన్స్ నిపుణుల సాయంతో ‘ప్రాగ్ గ్రోషెన్’ అనే వెండి నాణేన్ని ముద్రించడం రెండవది. ఆ నిపుణుల కారణంగానే టంకశాలకు ‘ఇటాలియన్ కోర్ట్’ అనే పేరు స్థిరపడింది. దాని ముంగిలి చుట్టూ ఉన్న గదుల్లో పనివాళ్లు వెండిని సమ్మెటలతో రేకులుగా సాగగొట్టి, బిళ్లలుగా కత్తిరించి, రెండు అచ్చుల నడుమ పెట్టి సుత్తితో కొట్టేవారు. దెబ్బ పడగానే బిళ్లకు ఒకవైపు కిరీటం, మరోవైపు బొహీమియా సింహం తేలేవి. మధ్య ఐరోపా అంతటా చెలామణీ అయిన ఆ నాణెం కోసం గనుల్లో పడిన శ్రమ మాత్రం దారుణమైనది. బావుల్లో ఒకటైన ‘ఓసెల్’ దాదాపు 500 మీటర్ల లోతుకు దిగి, ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా లోతైన గనుల్లో ఒకటిగా నిలిచింది. తెల్లని గుడ్డ అంగీ తొడుక్కుని, జారుతూ దిగడానికి వీలుగా నడుముకు వెనుకవైపు తోలుపట్టా కట్టుకున్న కార్మికుడు, కొవ్వు దీపం వెలుగులో ఉలీ సుత్తితో రాతిని అంగుళం అంగుళంగా పగలగొట్టేవాడు. ఆ ఖనిజాన్ని పైకి లాగే పెద్ద చక్రాన్ని గానుగెద్దుల్లా గుండ్రంగా తిరిగే గుర్రాలు నడిపేవి.

ఈ వెండి ధనంతోనే 1388లో గని కార్మికుల రక్షకురాలిగా క్రైస్తవులు కొలిచే సెయింట్ బార్బరా పేర చర్చి నిర్మాణం మొదలైంది. దాన్ని తలపెట్టినవారు రాజూ కాదు, బిషప్పూ కాదు, పట్టణ ప్రజలే. ఊరి మతవ్యవహారాలపై సమీపంలోని సెడ్లెట్స్ మఠానికున్న పెత్తనం నచ్చక, పట్టణ ప్రాకారానికి వెలుపల, ప్రాగ్ చర్చి పెద్దలకు చెందిన స్థలంలో వారు దాన్ని కట్టుకున్నారు. ఆనాటి పట్టణ ప్రజల ఆత్మగౌరవానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

నిర్మాణం సాఫీగా సాగలేదు. మతసంస్కర్త జాన్ హుస్ అనుచరులైన హుస్సైట్లకూ కాథలిక్కులకూ మధ్య చెలరేగిన యుద్ధాల్లో బందీలను గని బావుల్లోకి తోసి చంపిన దారుణాలు ఇక్కడ జరిగాయి, పట్టణమూ తగలబడింది, చర్చి పని దశాబ్దాల పాటు నిలిచిపోయింది. పదిహేనవ శతాబ్దం చివర వెండి ఆదాయం మళ్లీ పుంజుకున్నాక వాస్తుశిల్పి మాత్యాస్ రేసెక్ తూర్పు భాగపు కప్పును పూర్తిచేయగా, 1512 నుంచి మరో వాస్తుశిల్పి బెనెడిక్ట్ రీడ్ నడిమి భాగానికి కొత్త రూపం కల్పించాడు. గోతిక్ శైలి కప్పులో బరువును స్తంభాలకు చేరవేసే రాతి బద్దెలు సాధారణంగా ఒక స్తంభం నుంచి మరొకదానికి తిన్నగా సాగుతాయి. రీడ్ వాటిని వంచి, ఒకదానిలోకి ఒకటి అల్లి, కప్పు పొడవునా ఆరు రేకుల పూలు విచ్చుకున్నట్లు తీర్చాడు. బద్దె ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కంటికి దొరకదు. మధ్య ఐరోపా గోతిక్ వాస్తుశిల్పంలో దీనికి సాటివచ్చే కప్పులు చాలా కొద్ది. గుడారాల్లా లేచిన మూడు శిఖరాల పైకప్పు, గోడల బరువును బయటికి మోసే ఊత కమానుల వరుస ఆ లోపలి సొగసుకు తగినట్లే ఉన్నాయి. చర్చి లోపలి గోడచిత్రాల్లో దేవదూతలతో పాటు నాణేలు కొట్టే పనివాళ్లకూ చోటు దక్కింది.

భూమిని ఇంతగా తొలిచిన ఊరు నీటి కోసం అల్లాడింది. తవ్వకాలవల్ల ఊటలు పాడైపోగా, దూరం నుంచి చెక్క గొట్టాల ద్వారా నీటిని తెచ్చి, 1495 నాటి పన్నెండు ముఖాల శిలా జలాశయంలో నింపేవారు. చెక్కడాలతో చిన్న గుడిలా కనిపించే ఆ కట్టడం నిజానికి ఊరివాళ్లు నీళ్లు పట్టుకునే చోటు.

లోతు పెరిగేకొద్దీ నీరు ఊరి గనులు మునిగిపోవడం, బొహీమియాలోనే ఉన్న యాహిమోవ్ గనుల నుంచీ అమెరికా నుంచీ చౌక వెండి వచ్చిపడటం కలిసి పదహారవ శతాబ్దంలో కుట్నా హోరాను దెబ్బతీశాయి. గ్రోషెన్ ముద్రణ 1547లో ఆగింది. తలపెట్టిన పొడవుకు చేరకముందే, 1558లో, చర్చికి పడమట తాత్కాలికంగా గోడ కట్టి పని ఆపేశారు. టంకశాల 1727లో మూతపడింది. మూడు శతాబ్దాలకు పైగా నిలిచిన ఆ ‘తాత్కాలిక’ గోడ స్థానంలో నేటి పడమటి ముఖభాగాన్ని కట్టి, చర్చిని 1905లో పూర్తిచేశారు. పాతనూ కొత్తనూ విడదీసి చూపే ఆ అతుకును గమనించనివారికి ఈ చర్చి కథ సగమే తెలిసినట్టు.

1995లో యునెస్కో ఈ పట్టణ కేంద్రాన్నీ, సెడ్లెట్స్‌లో వాస్తుశిల్పి సాంటిని పునర్నిర్మించిన మఠం చర్చినీ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. సందర్శకుల్లో అనేకులు సెడ్లెట్స్‌లోని మనిషి ఎముకల అలంకరణల కోసమే వచ్చి, వాటిని చూసి వెళ్లిపోతుండటం విచారకరం. హ్రాడెక్ అనే పాత కోటలోని వెండి మ్యూజియం నుంచి తెల్ల అంగీ, దీపంతో మధ్యయుగపు గనిలోకి దిగే అవకాశం ఇప్పటికీ ఉంది. భుజాలు రాసుకుపోయే ఆ సొరంగాల్లో నడిచాకే బార్బరా చర్చికి వెళ్లడం సరైన వరుస, ఎందుకంటే ఆ కప్పుకు పెట్టిన డబ్బు పుట్టింది అక్కడే.