సర్వర్ మార్చారా? బైండింగులు చూసుకున్నారా?

ఎంటర్‌ప్రైజ్ జావా అప్లికేషన్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చే పని మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. "జావాయే కదా, వారంలో అయిపోతుంది" అంటారు మేనేజర్లు. కోడ్ వరకూ అది చాలావరకు నిజమే. తిప్పలన్నీ బైండింగుల దగ్గరే.

మన ప్రోగ్రాముకి డేటాబేసు అసలు చిరునామా తెలియదు. "జేడీబీసీ/ఆర్డర్స్" లాంటి ఒక ముద్దుపేరు పెట్టి జేఎన్‌డీఐని అడుగుతుంది. ఆ పేరుని వెబ్.ఎక్స్ఎంఎల్‌లో రిసోర్స్-రెఫ్‌గా రాస్తాం. ఇది అన్ని సర్వర్లకీ ఒకటే. ఆ ముద్దుపేరు ఏ డేటాసోర్సుదో చెప్పే ఫైలు మాత్రం ఎవరిది వారిదే. వెబ్‌లాజిక్‌కి వెబ్‌లాజిక్.ఎక్స్ఎంఎల్, వైల్డ్‌ఫ్లైకి జేబాస్-వెబ్.ఎక్స్ఎంఎల్. ఒకరి ఫైలు ఇంకొకరు పట్టించుకోరు.

ఒకసారి ఆర్డర్ల అప్లికేషన్ ఒకదాన్ని వెబ్‌లాజిక్ నుంచి వైల్డ్‌ఫ్లైకి మారుస్తూ, ఈ రెండో ఫైలు రాయడం మరిచిపోయాను. ఎర్రర్ వస్తుందనుకుంటారు కదా? రాలేదు! డిప్లాయ్ అయింది, ఆర్డర్లు పడ్డాయి, టెస్టింగ్ వాళ్ళు సరే అన్నారు. సాయంత్రం సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఒక్క ఆర్డరూ లేదు.

కారణం ఇదీ. 2013లో వచ్చిన జావా ఈఈ 7 ప్రకారం, ఏ డేటాసోర్సుకీ ముడిపెట్టని రిఫరెన్సుని సర్వర్ తన డిఫాల్ట్ డేటాసోర్సుకి ముడిపెట్టాలి. వైల్డ్‌ఫ్లైతో పాటు వచ్చే కాన్ఫిగరేషన్‌లో ఆ డిఫాల్ట్ "ఎగ్జాంపుల్‌డీఎస్". అది మెమరీలో మాత్రమే ఉండే హెచ్2 డేటాబేసు. టేబుల్స్ లేకపోతే సృష్టించమని మా హైబర్నేట్ సెట్టింగులో ఉంది కాబట్టి అక్కడా ఎర్రర్ రాలేదు. ఇదే ప్రొడక్షన్‌లో జరిగి ఉంటే నిజం ఆర్డర్లే పోయేవి.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఇది:

1. సర్వర్ ముట్టుకోకముందే వెబ్.ఎక్స్ఎంఎల్‌లోనూ, కోడ్‌లోని రిసోర్స్ అనొటేషన్లలోనూ ఉన్న పేర్లన్నీ ఒక పట్టికగా రాసుకోవడం. డేటాసోర్సులే కాదు, జేఎంఎస్ క్యూలు, మెయిల్ సెషన్లు కూడా.

2. ప్రతి పేరు ఎదురుగా పాత సర్వర్‌లో జేఎన్‌డీఐ పేరు, కొత్త సర్వర్‌లో పేరు. వైల్డ్‌ఫ్లైలో డేటాసోర్సు పేరు "జావా:/" తో గానీ "జావా:జేబాస్/" తో గానీ మొదలవ్వాలి.

3. వైల్డ్‌ఫ్లై డిఫాల్ట్ బైండింగుల్లోంచి డేటాసోర్సుని తీసేయడం. అప్పుడు మరిచిపోయిన పేరు డిప్లాయ్‌లోనే బయటపడుతుంది.

4. అప్లికేషన్ మొదలవగానే తాను కలిసిన డేటాబేసు యూఆర్ఎల్‌ని లాగ్‌లో రాయించడం. దీనికి నాలుగు లైన్ల కోడ్ చాలు.

జకార్తా ఈఈ 9కో, ఆ తర్వాతి వెర్షన్‌కో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. జావాఎక్స్ అని కనబడ్డ ప్రతిచోటా జకార్తా అని మార్చేయకండి. జావాఎక్స్.నేమింగ్, జావాఎక్స్.ఎస్‌క్యూఎల్ జావా ఎస్ఈలో భాగం కాబట్టి వాటి పేర్లు మారలేదు.