పసిఫిక్ సముద్రమును, అమెరికా సుడిగాలులును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వసంతఋతువు మనోహరమైనదే కాని నిర్భయమైనది కాదు. ఆ కాలమున టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్ మైదానములందును, అలబామా వంటి దక్షిణ రాష్ట్రములందును టోర్నడోలను ఘోరమైన సుడిగాలులు పుట్టుచుండును. నల్లని మేఘమునుండి ఏనుగు తొండమువలె నేలకు వ్రేలాడు ఈ సుడి, త్రోవలోని యిండ్లను పునాదులతో పెకలించివేయును. మన తీరమును తాకు తుపానులు వందల మైళ్ల వైశాల్యము గలవి. వాని రాకను దినముల ముందుగా తెలిసికొనవచ్చును. టోర్నడో వెడల్పు తఱచుగా మైలునకు లోపే. ఆయువు సాధారణముగా కొన్ని నిమిషములే. ఆ దేశమున ఏటేట ఇంచుమించు 1,200 టోర్నడోలు పుట్టుచున్నవి. ఇట్టి యల్పాయువునకును, వేల మైళ్ల దూరముననున్న పసిఫిక్ సముద్రమునకును సంబంధమేమి?

భూమధ్యరేఖ పొంత పసిఫిక్ సముద్రపు పైనీరు కొన్ని సంవత్సరముల కొకసారి మామూలుకంటె వేడెక్కును. పెరూదేశపు జాలరులు క్రిస్మస్ దినములలో కనబడు వెచ్చని ప్రవాహమునకు బాలయేసును తలచి ఎల్ నినో యని పేరిడిరి. నీరు చల్లబడిన స్థితి లా నినా. బాలిక యని దాని యర్థము. భేదము తఱచుగా ఒకటి రెండు డిగ్రీలే. కాని యంతటి జలరాశిపై ఆ స్వల్పభేదమే వర్షమేఘముల స్థానమును మార్చును. దానితో, ఆకాశమున మిక్కిలి యెత్తున పడమటినుండి తూర్పునకు వీచు జెట్ ప్రవాహపు త్రోవయు మాఱును.

ఈ కథలో మన దేశమునకును పాలు కలదు. 1904 నుండి 1924 వఱకు భారత వాతావరణ శాఖ కధిపతిగా నుండిన గిల్బర్ట్ వాకర్, ఋతుపవనములను ముందుగా గుర్తింప యత్నించుచు, పసిఫిక్, హిందూ మహాసముద్రములపై వాయుపీడనము త్రాసు సిబ్బెలవలె నొకచోట హెచ్చినప్పుడు వేఱొకచోట తగ్గుచుండుట గనిపెట్టెను. సముద్రపు వేడిమితో దానికిగల బంధమును 1960 దశకమున జాకబ్ బెర్క్‌నెస్ విశదపఱచెను.

టోర్నడో పుట్టుటకు నేలపై తేమగల వెచ్చని గాలియు, దానిపై చల్లని పొడిగాలియు నుండవలెను. ఎత్తు పెరిగినకొలది గాలి వేగమును, దిక్కును మాఱుచుండవలెను. లా నినా యున్న వసంతమున మెక్సికో సింధుశాఖనుండి తేమగాలి దక్షిణ రాష్ట్రములలోనికి బలముగా వీచును. జెట్ ప్రవాహమును అనుకూలించును. ఎల్ నినో నాడు ఆ తేమ తగ్గును. తుపానులు దక్షిణపు టంచునకు జరుగును. 2011 ఏప్రిల్ 25 మొదలు 28 వఱకు, లా నినా ఇంకను తొలగకముందే, మూడువందలకు పైగా టోర్నడోలు చెలరేగి, మూడువందలకు పైగా జనము మడిసెను. అట్లని ఎల్ నినో నమ్మదగిన నేస్తము కాదు. ప్రబలమైన ఎల్ నినో యున్న 1998 ఫిబ్రవరిలో ఫ్లోరిడా నడుమ నొక్క రాత్రి 42 మంది మరణించిరి. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణమున కొంతభాగము నేలమట్టమైన నాడు పసిఫిక్ ఈ రెండు స్థితులలో దేనియందును లేదు.

సముద్రము నెమ్మదిగా మాఱును గనుక, రానున్న వసంతమున అపాయము హెచ్చో తగ్గో నెలల ముందుగా కొంత ఊహింపవచ్చును. ఏ యూరిపై, ఏ గడియలో పడునో చెప్పుట దానివలన కాదు. అది రాడారు పని. ఆ హెచ్చరిక యందిన పిదప నేలమాళిగలోనికి దిగుటకు ప్రజలకు మిగులునది తఱచుగా పది పదిహేను నిమిషములే.