పాత ఇల్లు కూలగొడుతున్నారా? ఆ కాంక్రీటు ముక్కలు ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడొద్దు

గల్ఫ్‌లో చెమటోడ్చి పంపిన పైసలతో మనోళ్లు చాలామంది ఊళ్లో పాత ఇల్లు తీసేసి కొత్తది కడుతున్నారు. కూలగొట్టినంక పడే కాంక్రీటు, ఇటుక బెడ్డలు మీ సొంతం. వాటిని ఎత్తిపోయడానికి ట్రాక్టరు కిరాయి ఇచ్చి, మళ్లీ బేస్‌మెంట్ నింపడానికి మొరం కొంటే రెండుసార్లు ఖర్చు. అట్లని అన్నిచోట్లా వాడితే ఇంటికే ముప్పు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నింపడానికి వాడొచ్చు, బరువు మోసేదాంట్లో వద్దు.

ఎక్కడ వాడొచ్చు?

30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న బేస్‌మెంట్‌ను 2 అడుగుల ఎత్తు నింపాలంటే సుమారు 2,400 ఘనపుటడుగులు, అంటే 24 యూనిట్లు కావాలి. ఇందులో కొంత భాగం పాత ముక్కలతో నింపొచ్చు. పిడికిలి కన్నా పెద్దవి పగలగొట్టించండి. అర అడుగు మందం పొరలుగా పరిచి, సందుల్లో మొరం పోసి, నీళ్లు పట్టి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి కుమ్మరిస్తే రెండు వానాకాలాలకే టైల్స్ కుంగి పగులుతాయి. కట్టె ముక్కలు, ప్లాస్టిక్, గోనెసంచులు అందులో ఉండొద్దు. పాత మట్టి గోడల మన్ను కూడా వద్దు, చెదలు పట్టొచ్చు.

గట్టి ఇటుకలను గీకి, నీళ్లలో నానబెట్టి కాంపౌండ్ గోడకు వాడుకోవచ్చు. రెండు ఇటుకలు కొడితే ఖణేల్‌మని మోగాలి.

ఎక్కడ వాడొద్దు?

స్లాబు, పిల్లర్లు, బీములు, ఫుటింగ్‌లలో వద్దు. పాత ముక్కకు అంటుకున్న సిమెంటు నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, బలం తగ్గుతుంది. మన దేశ ప్రమాణం ఐఎస్ 383 (2016) పాత కాంక్రీటు కంకరను సలాక వేసే పనిలో 20 శాతం వరకే, అదీ ఎం25 గ్రేడు వరకే ఒప్పుకుంటుంది. అది కూడా పరీక్ష చేసిన కంకరకు. ఊళ్లో సుత్తెతో కొట్టిన ముక్కలకు ఆ లెక్క వర్తించదు. ఇటుక ముక్కలైతే స్లాబులో అసలే కుదరదు.

పాత సలాకను సాపు చేసి మళ్లీ వేయనీయకండి, తూకానికి అమ్మేయండి.

పాత సిమెంటు రేకులు పగలగొట్టొద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము పీలిస్తే ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సర్ రావచ్చు. నీళ్లు చల్లి నిండు రేకులుగానే దింపించండి.

మీరు దూరంగా ఉన్నారు కాబట్టి...

- కూల్చిన సామాను, దర్వాజాలు, సలాక ఎవరివో ముందే కాగితం మీద రాయించుకోండి.
- మొరం ఎన్ని ట్రిప్పులు వచ్చిందో ఇంట్లోవాళ్లు తేదీతో రాసి పెట్టాలి. బిల్లు ఆ లెక్కతోనే కట్టండి.
- ప్రతి పొర దిమ్మిస కొట్టినప్పుడు ఫోటో తెప్పించుకోండి.
- స్లాబు పోసే రోజు కంకర కుప్పను వీడియో కాల్‌లో చూడండి. ఎర్ర ముక్కలు, సిమెంటు అంటిన రాళ్లు కనిపిస్తే పని ఆపమనండి. ఒక్కసారి పోసినంక తీయలేం.