నిఘంటువులందు ఉద్యానగ్రంథోదాహరణములు

నిఘంటువున నర్థము చెప్పువాఁడు కర్త. ఆ యర్థమునకు సాక్షి ప్రయోగము. సాక్షి యెవరో, ఎప్పటివాఁడో, సరిగా నేమి చెప్పెనో తెలియనిచో సాక్ష్యము చెల్లదు. కావ్యప్రయోగముల విషయమున మనవారి కిది క్రొత్తగాదు. 1911లో నేర్పడిన యాంధ్రసాహిత్యపరిషత్తు పూనికతో సిద్ధమై, 1936లో ప్రథమసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు కవిప్రయోగములనే ప్రధానాధారముగాఁ గొన్నది. పద్యమునకు ఆశ్వాసమును, సంఖ్యయుఁ జెప్పినచో ముద్రణములు మాఱినను చదువరి దానిని రమారమిగా వెదకికొనఁగలఁడు. తోఁటపనిఁ దెలుపు గ్రంథములకు, అందును వచనగ్రంథములకు, ఈ సౌకర్యము లేదు. అంతర్జాలనిఘంటువులలో నిట్టి గ్రంథముల వాక్యముల నెట్లు చేర్పవలెనో విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

సంఖ్య చెప్పినంతమాత్రమునఁ జాలదనుటకు బృహత్సంహితయే నిదర్శనము. ఆఱవ శతాబ్దివాఁడగు వరాహమిహిరుఁ డందు వృక్షాయుర్వేదమున కొక యధ్యాయము నిచ్చెను. అది కొన్ని ముద్రణములలో 54వది, కొన్నింట 55వది. ముద్రణమును బేర్కొనక యధ్యాయసంఖ్య మాత్ర మిచ్చినచో చదువరి వేఱొక ప్రకరణమునఁ దడవుకొనవలసివచ్చును. ఇంగ్లండున ఫిలిప్ మిల్లరు రచించిన తోఁటమాలుల నిఘంటువు 1731లో మొదట వెలువడెను. 1768 నాఁటి యెనిమిదవ కూర్పున లిన్నేయసు ద్విపదనామపద్ధతి చేరినది. ఆ కూర్పునకుఁ బుటసంఖ్యలు లేవు. కావున వృక్షశాస్త్రజ్ఞులు కూర్పుసంఖ్య, ప్రజాతినామము, దానిక్రింది వరుససంఖ్య అను మూఁడింటిని బేర్కొందురు. పుటసంఖ్య లేనిచోట శీర్షికయే స్థాననిర్దేశ మగునని యిందుచేఁ దెలియుచున్నది.

ఈ జాగ్రత్త లోపించిన నేమగునో కోనసీమవారికి నిత్యపరిచితమైన చెట్టే చెప్పఁగలదు. 1755లో సామ్యుయల్ జాన్సను ప్రకటించిన యాంగ్లనిఘంటువు చెట్లచేమల విషయమున మిల్లరు గ్రంథమునుండి పెక్కు వాక్యములఁ గైకొన్నది. వానిక్రింద నుండునది తఱచుగా మిల్లరు పేరు మాత్రమే. అందు కోకో యను నొక్క శీర్షికక్రిందనే నారికేళమును గూర్చి మిల్లరు మాటలును, చాకొలెట్టునకు మూలమగు కకావో గింజను గూర్చి హిల్లు అను వైద్యుని మాటలును జేరినవి. ఆంగ్లమున నారికేళముపేరు గింజపేరుతోఁ గలిసిపోయి, కొబ్బరికాయను గోకోకాయగా వ్రాయు వర్ణక్రమము ప్రబలుట కీ కలయిక కారణమని పండితులు చెప్పుదురు. మదరాసు రాజధాని నాఁటి యాంగ్లగ్రంథములందు నీ వర్ణక్రమము తఱచుగాఁ గానవచ్చును.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల కొబ్బరితోఁటలలోఁ గొన్నింట నేఁడు కోకోచెట్లును అంతరపంటగాఁ బెరుగుచున్నవి. తెలుఁగున రెండుపేర్లును వేఱు. అయినను, పాత యాంగ్లవాక్యమును దెలిఁగించువాఁడు కాలమును వర్ణక్రమమును గమనింపక ‘కోకో’ యని వ్రాసెనేని, ఆ పంట యిచ్చటికి రాకమున్నే యుండెనని నిఘంటువు తప్పుసాక్ష్యము చెప్పును. అందువలన మూలవాక్యమును యథాతథముగా నుంచి, యనువాదమును దానిక్రింద వేఱుగాఁ జూపవలెను.

ఉదాహరణమునకుఁ బ్రథమమున ముద్రణవత్సరము, పిదపఁ గర్త, గ్రంథము, కూర్పు, శీర్షిక లేక పుట, ఆ వెనుక వాక్యము, తుదిని వివరణము: ఇది యుక్తమైన వరుస. వత్సరము ముందుండిన నర్థపరిణామము చూడఁగనే తెలియును. పునర్ముద్రణమును జూచి వ్రాసికొన్నచో రెండు వత్సరములును జెప్పవలెను. విడిచిన మాటలచోటఁ జుక్కలును, సంపాదకుఁడు చేర్చిన మాటలకుఁ జదరపు కుండలీకరణములును నుండవలెను.

మాదిరికై నేనే కూర్చిన యొక వాక్యమును జూడుఁడు: ‘దింపు ముగిసినపిదప నెండుమట్టలను నఱికి తోఁటనుండి తొలఁగింపవలెను.’ దింపు అనునది సామాన్యముగా క్రియ. కోనసీమలోఁ గొబ్బరికాయలను జెట్లనుండి దింపించు పనికిఁ బేరు. వాక్యము నంతయు నుదాహరించిననే యది నామవాచకమని తేలును. ఒక్కమాటను ద్రుంచి చూపిన నర్థము నిలువదు. ‘నఱికి’ని ‘నరికి’గా, ‘తోఁట’ను ‘తోట’గా దిద్దినచో గ్రంథకాలమును దెలుపు లేఖనచిహ్నములు తొలఁగిపోవును.

అట్లు దిద్దకున్న వెదకువారికి వాక్యము దొరకదను నాక్షేపము కలదు. కాని వెదకుటకై నేఁటి వర్ణక్రమమును యంత్రమున లోలోపల వేఱుగా నుంచవచ్చును. కంటికిఁ గనఁబడు వాక్యమును మార్ప నక్కఱలేదు. దంత్యములగు ౘ, ౙ లకును 2008లో యూనికోడున స్థానము లభించినది గాన, పాత యచ్చును ఉన్నదున్నట్లు చూపుట కిపు డడ్డంకి లేదు.

సూర్యరాయాంధ్రనిఘంటువు కవులమాటల నిలిపినది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయవృత్తిపదకోశము కర్షకుల నోటిమాటలఁ గూర్చినది. ఆ రెంటినడుమ మిగిలినవి తోఁటపనిని వ్రాఁతలోఁ బెట్టిన వచనగ్రంథములు. అచ్చుపుస్తకమునకుఁ గల స్థలసంకోచ మంతర్జాలనిఘంటువునకు లేదు. కావున వాక్యమును గుదించుటకు సాకు లేదు. ఒక్కొక్క వాక్యమును దాని యేఁడును, చోటును, రూపమును జెడకుండఁ జేర్చిననే యది ముందువారి పరీక్షకు నిలువఁగలదు.