రాయి నొప్పికి చలిజ్వరం తోడైతే

కిడ్నీలో రాయి అనగానే సలహాలకు కొదవుండదు. కొండపిండాకు కషాయం, ఉలవల నీళ్లు, అరటి దూట రసం, కుర్రాళ్లయితే బీరు. చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, పేరు మాత్రం కషాయానికి దక్కుతుంది. పోనీ అనుకుందాం. చలితో వణికించే జ్వరం వచ్చాక కూడా అదే తాగిస్తూ కూర్చుంటేనే ప్రాణం మీదికొస్తుంది.

మూత్రనాళం లోపలి వెడల్పు 3-4 మిల్లీమీటర్లు. అందులో రాయి ఇరుక్కుంటే చెరువు తూము పూడుకున్నట్టే. తూము మూసుకుపోయిందని వరద ఆగదు, కిడ్నీ మూత్రం తయారు చేస్తూనే ఉంటుంది. మట్టం పెరిగేకొద్దీ కట్ట మీద ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్నచోట బుంగ పడుతుంది. కిడ్నీలో ఆ చోటు, మూత్రం చేరే చిన్న గిన్నెల అంచు. దాన్ని ఆనుకునే సన్నటి సిరలుంటాయి. నిలిచిన మూత్రంలో ఈ.కోలై, ప్రోటియస్ వంటి బ్యాక్టీరియా ఉంటే ఆ బుంగల్లోంచి నేరుగా రక్తంలో పడతాయి. ఆ సమయంలో బీరు పట్టించడమంటే, తెగబోతున్న చెరువులోకి ఇంకో వాగును మళ్లించడమే. పైగా వడపోత మందగించిన కిడ్నీలోకి యాంటీబయాటిక్ కూడా సరిగా చేరదు.

ఇలా మూత్రంలోని ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకడమే యూరోసెప్సిస్. రాళ్లున్నవాళ్లందరికీ రాదు, అరుదే. వస్తే మాత్రం గంటల్లోనే బీపీ పడిపోవచ్చు.

ప్రోటియస్ అయితే యూరియాను అమ్మోనియాగా విరగ్గొట్టి రాయిని కూడా తనే కడుతుంది. ఆ రాయిలోనే కాపురముంటుంది.

‘యూరిన్ రిపోర్టు బాగానే ఉందిగా’ అని ధీమా పడతారు. దారి పూర్తిగా మూసుకుపోతే, సీసాలో పట్టింది రెండో కిడ్నీ మూత్రమే! యాక్టినోటిగ్నమ్ వంటి అరుదైన సూక్ష్మజీవులు మామూలు కల్చర్ పరీక్షలో తరచూ దొరకను కూడా దొరకవు.

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇంకోటుంది: ‘రాయి తీయకుండా స్టెంట్ వేసి పంపించారు, రెండుసార్లు బిల్లు కోసమే.’ కాదు. చీముపట్టిన కిడ్నీలో రాయిని కదిలిస్తే బ్యాక్టీరియా ఇంకా రక్తంలోకి ఎక్కుతుంది. ముందు స్టెంటుతోనో (మూత్రనాళం లోపల పెట్టే సన్నటి గొట్టం), వీపు నుంచి వేసే గొట్టంతోనో మూత్రాన్ని బయటికి వదలాలి. అమెరికాలో 2007-2009 మధ్య మూత్రనాళంలో రాయితోపాటు సెప్సిస్‌తో ఆసుపత్రుల్లో చేరిన 1,700 మందికి పైగా రోగుల వివరాలు చూస్తే, దారి తెరవనివాళ్లలో సుమారు 19 శాతం చనిపోయారు, తెరిచినవాళ్లలో 9 శాతం.

రాయిని ఇన్‌ఫెక్షన్ తగ్గాక తీస్తారు. స్టెంట్ ఎప్పుడు తీయాలో డిశ్చార్జి కాగితం మీద తేదీ రాయించుకోండి. లోపలే మరిచిపోతే దాని చుట్టూ మళ్లీ రాళ్లు కడతాయి.